పీకే తుంగ, నేసే తుంగ

తొమ్మిదో గట్టు, మూడో వరస. సహజ తోట దినచర్య.
రాస్తున్నది వరస పెద్ద నాంచారయ్య. వయసు అరవై ఒకటి. లాంచీ మెకానిక్కుగా చేసి మానేసినవాడు.

1వ రోజు

ఈ పుస్తకం మొదటి పేజీలో తోటలిచ్చే శాఖవారు మూడు నియమాలు అచ్చేశారు. ఏదైనా జరిగిన రోజు తప్పక రాయాలి. జరిగింది జరిగినట్టు రాయాలి. అభిప్రాయాలు రాయకూడదు. మొదటి రెండింటికీ నాదే పూచీ. మూడోదానికి మాత్రం హామీ ఇవ్వలేను.

ఇవాళ పన్నెండిళ్ళ మా వరసకి సహజ తోట వచ్చింది. లాంచీలో వచ్చింది. నలభై అడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గుంట తవ్వి, అడుగున నల్ల షీటు పరిచి, మట్టి పోసి, ప్లాస్టిక్ ట్రేల్లోంచి నాలుగు వందల తుంగ మొక్కలు తీసి నాటారు. ప్రతి మొక్క మెడలో ఒక నంబరు బిళ్ళ. గుంట పక్కన బోర్డు: 'తుంగ. సహజంగా పెరుగుతున్నది. మనిషి చెయ్యి పడరాదు.' నాటినవాళ్ళు గ్లౌజులు వేసుకున్నారు కాబట్టి వాళ్ళ చేతులు లెక్కలోకి రావు కాబోలు.

సముద్రం మా గట్టు చుట్టూ చేరాక బోరు నీళ్ళు నోట పెట్టుకునేలా లేవు. ఇకమీదట మా పన్నెండిళ్ళ వంటింటి నీళ్ళూ స్నానాల నీళ్ళూ ఒకవైపు నుంచి ఈ గుంటలోకి పోతాయి. తుంగ వేళ్ళ మధ్య నుంచి నడిచి, రెండోవైపు శుభ్రంగా బయటికొచ్చి ట్యాంకులో పడతాయి. అవే కాచుకుని తాగాలి. తొంభయ్యో రోజుకి తోట నిలదొక్కుకుంటే మేం ఇక్కడే ఉంటాం. లేదంటే వరస మూసేసి నలభై ఒక్క మందినీ ఊళ్ళో మేడలకి తరలిస్తారు. అక్కడ ఇరవై ఎనిమిదో అంతస్తులో కిటికీలు తెరవనివ్వరట.

"కిటికీ తెరవకపోతే ఎదురింటావిడతో పోట్లాడేదెట్టా?" అంది మా ఆవిడ ఝాన్సీ. మాకు ఇక్కడినుంచి కదలాలని లేదు. ఇది అభిప్రాయం కాదు, జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

సాయంత్రం చివరింటి పేరంటాలు పిన్ని కర్ర తాటించుకుంటూ వచ్చింది. మా అమ్మకి వరసకి చెల్లెలు. అరవై ఏళ్ళు చాపలు నేసింది. ఇప్పుడు కళ్ళు సరిగా ఆనవు. గుంట ఒడ్డున చతికిలబడి ఒక మొక్కని రెండు వేళ్ళ మధ్య తిప్పి చూసింది.

"ఇది పీకే తుంగ కాదురా, నేసే తుంగ" అంది.

మా నాన్న వరి చేలో జీవితమంతా తుంగ పీకుతూనే గడిపాడు. ఆ తుంగ వేరు, ఈ తుంగ వేరు. పేరు మాత్రం ఒకటే. ఆ మాటే పిన్నితో అన్నాను.

"రెండూ తుంగే. దాన్ని పీకాలి, దీన్ని కొయ్యాలి. అయినా ఇంత ఎడం ఎడంగా నాటారేంట్రా, ఒకదానితో ఒకటి మాట్టాడుకోవాలంటే ఉత్తరాలు రాసుకోవాలా?" అంది.

6వ రోజు

తోటని చూసుకోవడానికి శాఖవారు రెండు పిట్టలు పెట్టారు. నాలుగు రెక్కల యంత్రాలు. వాటి అసలు పేర్లు నోరు తిరగవు. సోమవారం వచ్చేది కలుపు మొక్కలు పీకుతుంది కాబట్టి అది కలుపు పిట్ట. గురువారం వచ్చేది దేశవాళీ మొక్కలకి ఎవరూ హాని చెయ్యకుండా కాస్తుంది కాబట్టి అది కావలి పిట్ట.

పూర్వం ఇవి ఆకులు చూసి మొక్కల్ని పోల్చేవట. ఒకసారి ఎనిమిదో గట్టులో ఒకాయన విగ్గుని గడ్డి అనుకుని పీకాక, శాఖ పరువు పోయింది. అప్పటినుంచి ఆకుల జోలికి పోకుండా బోర్డులు మాత్రమే చదువుతున్నాయి. బోర్డు అబద్ధం చెప్పదని శాఖవారి నమ్మకం.

8వ రోజు

సోమవారం. కలుపు పిట్ట వచ్చింది. 'తుంగ' అన్న బోర్డు చదివింది. పదకొండు గంటలకల్లా నాలుగు వందల మొక్కలూ పీకి, గట్టు అవతలకి ఉప్పునీళ్ళలోకి విసిరేసి పోయింది. పని మాత్రం చాలా శుభ్రంగా చేసింది. ఒక్క వేరు మిగల్చలేదు. నేను చీపురు ఝళిపిస్తూ వెంటపడ్డాను గాని, మెకానిక్కునైనా గాల్లో ఉన్నదాన్ని ఏం చెయ్యగలను.

నంబరు బిళ్ళలు మాత్రం తెంపి గట్టు మీద కుప్ప పోసింది. శాఖవారి వస్తువు కదా.

11వ రోజు

గురువారం. కావలి పిట్ట వచ్చి ఖాళీ గుంట మీద మూడు చుట్లు తిరిగి, ఆడగొంతుతో చెప్పింది: "దేశవాళీ మొక్కకు తీవ్ర హాని జరిగింది. బాధ్యులు, మూడో వరస." మధ్యాహ్నానికి నా పేరిట నోటీసొచ్చింది.

12వ రోజు

లాంచీ ఎక్కి శాఖ ఆఫీసుకి వెళ్ళాను. మా గట్టు చూసే అధికారి పేరు లాస్య. ముప్ఫై ఏళ్ళుంటాయి. మర్యాదస్తురాలు, కుర్చీ వేయించింది. రెండు కాగితాలు తీసి నా ముందు పరిచింది. కలుపు జాబితాలో పన్నెండో పేరు తుంగ. దేశవాళీ జాబితాలో మొదటి పేరు తుంగ.

"రెండూ ఆమోదం పొందిన జాబితాలేనండీ" అంది.

"రెండు తుంగలు వేరు మేడం గారూ. ఒకటి పీకేది, ఒకటి నేసేది."

"అర్థమైందండీ. కాని కలుపు విభాగం కారిడార్ కి అటు, దేశవాళీ విభాగం ఇటు. జాబితాలో అక్షరం మార్చాలంటే కమిటీ కూర్చోవాలి. కమిటీ ఆరు నెలలకోసారి కూర్చుంటుంది. మొన్ననే లేచింది."

"మా గడువు తొంభై రోజులు కదండీ."

"అదే నాకూ బాధగా ఉందండీ" అంది. నిజంగానే బాధపడింది. పోనీ మొక్కకి పేరు మార్పు కోసం దరఖాస్తు పెట్టుకోమని ఒక ఫారం ఇచ్చింది. అందులో రెండో గడి, తండ్రి పేరు. నేను ఫారం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

16వ రోజు

పిన్ని చెప్పినట్టు చేశాం. పాత ఐసు ఫ్యాక్టరీ వెనక మురుగ్గుంటలో నేసే తుంగ దానంతటదే ఎప్పటినుంచో పెరుగుతోంది. వెళ్ళి దుంపలు తవ్వుకొచ్చాం. పిన్ని ఒక్కో దుంపనీ వేళ్ళతో తడిమి, మొటిమలా లేచిన మొలక ఉన్నచోటు చూసి ముక్కలు చేసింది. చూపు ఆనని మనిషి ఒక్క మొలకని కూడా తెగనివ్వలేదు. ఆ ముక్కల్ని బెత్తెడు ఎడంలో బురదలో పడుకోబెట్టి, చీలమండ లోతు నీళ్ళు పెట్టాం.

"మొదలు మునగాలి, మెడ మునగకూడదు" అని పిన్ని గట్టు మీద కూర్చుని పదిసార్లు అంది. శాఖవారి పుస్తకంలో ఇరవై పేజీలున్నాయి గాని ఈ ముక్క లేదు.

బయటి మొక్కలు సహజం కావని అదే పుస్తకంలో ఉంది. నంబరు ఉన్నవే సహజం. కుప్ప పోసిన బిళ్ళలున్నాయి కదా, వాటిని ఒక్కో దుంప పక్కన గుచ్చాం. దాంతో మురుగ్గుంట తుంగ సహజమైపోయింది.

ఇక కలుపు పిట్ట సంగతి. ఝాన్సీ నడుం మీద చెయ్యి వేసుకుని బోర్డు వంక చాలాసేపు చూసింది.

"తుంగ అని ఉంటేనేగా పీకుద్ది. ఆ మాట చెరిపేసి చాప అని రాయండి. చాపల తుంగే కదా, అబద్ధమేం కాదు" అంది.

నా చేతిరాత బాగోదని తనే కుంచె పట్టింది. తారుతో 'చాప' అని రాసింది. దీర్ఘం రాసేటప్పుడు తుమ్మొచ్చి కొస కాస్త పైకి లేచింది. ఎవరికి కనబడుద్దిలే అనుకున్నాం.

18వ రోజు

కావలి పిట్టకి కనబడింది. అది 'చేప' అని చదివింది.

మధ్యాహ్నం అభినందన పత్రం వచ్చింది. తొమ్మిది గట్లలోనూ దేశవాళీ చేపలు సహజంగా వృద్ధి చెందుతున్న తొలి తోట మాదేనట. చేపల సంఖ్య నాలుగు వందలు. ప్రతి చేపకీ నంబరు ఉండటం ప్రశంసనీయమట. నవ్వలేక మా ఆవిడకి పొలమారింది.

22వ రోజు

సోమవారం. కలుపు పిట్ట వచ్చి, బోర్డు చదివి, చేపలు తన శాఖ కావని వెళ్ళిపోయింది. మా పాచిక పారింది. ఆ మాట పిన్నికి చెబుదామని వెళ్తే మూడో పిట్ట ఎదురొచ్చింది. చేపల విభాగం పంపిన మేత పిట్ట. పొద్దునో గంపెడు, సాయంత్రం ఓ గంపెడు తవుడూ తెలకపిండీ కలిపిన ఉండలు గుంటలో గుమ్మరించి పోయింది. వద్దని చేతులూపాను. చేపల తరఫున కృతజ్ఞతలు స్వీకరించామంది.

45వ రోజు

ఆ మేతంతా తుంగ తిన్నది. ఇప్పుడు నా భుజం దాటి పెరిగింది. ట్యాంకులో నీళ్ళు అద్దంలా ఉన్నాయి. వరసలో అందరూ నన్ను చూసి నవ్వుతూ పలకరిస్తున్నారు. ఇలాంటి మర్యాద నాకు పెళ్ళిలో కూడా జరగలేదు.

పిన్ని మాత్రం ఒప్పుకోవడం లేదు. "ఇంక కొయ్యాల్రా. కొయ్యని తుంగ కుళ్ళిపోద్ది" అంటోంది. మనిషి చెయ్యి పడకూడదు కదా పిన్నీ అన్నాను.

"మా అమ్మ కోసింది, నేను కోశాను. చెయ్యి పడబట్టే ఇన్నాళ్ళుంది. చెయ్యి పడని తుంగ ఎక్కడుందో చూపించమను మీ శాఖని" అంది.

ఈ వారమే ఊరినుంచి కళ్ళ డాక్టరు లాంచీలో వచ్చి పోయాడు. పిన్ని కళ్ళలో ఒత్తిడి పెరుగుతోందట. రెండు నెలల లోపు ఊళ్ళో ఆసుపత్రిలో ఆపరేషన్ చెయ్యాలి, ఆలస్యమైతే ఉన్న చూపు కూడా పోతుంది, పోయాక ఎవరూ ఏమీ చెయ్యలేరన్నాడు. తొంభై ఆరో రోజున రమ్మని చీటీ రాసిచ్చాడు. నేనే దగ్గరుండి తీసుకెళ్తానని మాటిచ్చాను.

66వ రోజు

పిన్ని చెప్పిందే జరిగింది. తుంగ ఒత్తుగా పెరిగి, ఒకదాని మీద ఒకటి వాలి, లోపల్లోపల కుళ్ళుతోంది. ట్యాంకు నీళ్ళు టీ డికాషన్ రంగుకి తిరిగాయి. స్నానం చేసిన పిల్లలకి ఒళ్ళంతా దద్దుర్లు. ఐదో ఇంటివాళ్ళు మూటలు సర్దుకుంటున్నారు. నన్ను చూసి ఎవరూ నవ్వడం లేదు. శాఖకి ఫిర్యాదు రాస్తే, చేపలకి ఆక్సిజన్ తక్కువైందేమో, మేత పెంచుతామని జవాబొచ్చింది.

74వ రోజు

కోసేశాం.

నిన్న పన్నెండిళ్ళవాళ్ళం కూర్చుని తేల్చుకున్నాం. కోస్తే నేరం. కొయ్యకపోతే ఇంకో పది రోజుల్లో నీళ్ళు ఉండవు. నేరస్తులమై ఇంట్లో ఉండటమే మేలనుకున్నాం. పొద్దున్నే ఇంటికొకరం కొడవలి పట్టుకుని దిగాం. పిన్ని గట్టు మీద కుర్చీలో కూర్చుంది. "నీళ్ళకి జానెడు పైన కొయ్యండి. మునిగేట్టు కోస్తే మొదలు ఊపిరాడక చచ్చిద్ది. ఒక పాయ కోసి ఒక పాయ ఒదిలెయ్యండి" అని కేకలేస్తూనే ఉంది. కోసిన కట్టలు తన ముందు వేయించుకుని వేళ్ళతో రెండుగా చీలుస్తూ పోయింది. పదేళ్ళ తరవాత ఆ మనిషి పాట పాడటం విన్నాను.

గురువారమన్న సంగతి ఒక్కళ్ళకీ గుర్తు లేదు. కావలి పిట్ట వచ్చి మా నెత్తిన నిలబడింది. "చేపల ఆవాసంలో పన్నెండు మంది. చేతుల్లో కత్తులు. అక్రమ వేట" అని చదివి పోయింది.

79వ రోజు

లాస్య గారు స్వయంగా వచ్చింది. వెంట ఇద్దరు గుమాస్తాలు, ఒక వల. పట్టుబడ్డ చేపల్ని తిరిగి నీళ్ళలో వదలడానికట.

గుంట చూసింది. కోసిన చోట అప్పుడే పచ్చగా కొత్త పిలకలు లేచాయి. ట్యాంకు మూత తీసి మీటరు పెట్టింది. తొమ్మిది గట్లలో ఇంత మంచి నీళ్ళు ఎక్కడా లేవంది. తరవాత ఒడ్డున కూర్చుని తల పట్టుకుంది.

"చేపలేవండీ?"

జరిగిందంతా చెప్పాం. తుమ్ముతో సహా.

చాలాసేపు నవ్వింది. నవ్వాక కళ్ళు తుడుచుకుని, "నేనిప్పుడు తుంగ అని రాస్తే సోమవారం మొత్తం పీకేస్తుంది. చేపలు లేవని రాస్తే తోట విఫలం, వరస మూత. ఏం రాయమంటారు?" అని మమ్మల్నే అడిగింది. ఝాన్సీ టీ ఇచ్చింది. టీ తాగుతూ ఆవిడ ఫారం ముందుకీ వెనక్కీ తిప్పింది. చివరి పేజీలో ఒక గడి దగ్గర ఆగింది: 'ఏ దేశవాళీ జీవి లేకపోతే ఈ తడినేల నశించును?'

"ఈ గుంటకి నీళ్ళెక్కడివి?" అంది.

"మేం కడుక్కున్నవేనండీ" అంది ఝాన్సీ.

"కోసింది?"

"మేమే."

"మీరు లేకపోతే?"

"నెల్లాళ్ళలో ఎండిపోద్ది" అంది పిన్ని.

లాస్య గారు ఆ గడిలో 'మనుషులు, నలభై ఒకరు' అని రాసింది. ఉన్న పేరు మార్చాలంటేనే కమిటీ, కొత్త పేరు ఎక్కడానికి ఆ గడి చాలట. మేం దేశవాళీ జాబితాలోకి ఎక్కాం. రక్షిత జీవులం కాబట్టి మమ్మల్ని ఇక్కడినుంచి కదిలించడం ఇక నేరమంది. బోర్డు మీద చాప చెరిపేసి 'మనుషులు' అని రాయించింది. ఈసారి దీర్ఘం లేని మాట. మేమంతా చప్పట్లు కొట్టాం. శాఖలో బుర్ర ఉన్న మనిషి ఒక్కరైనా ఉన్నారని నేను ఈ పుస్తకంలో రాయాల్సి వస్తుందనుకోలేదు. రాస్తున్నాను.

90వ రోజు

తోట నిలదొక్కుకున్నట్టు పత్రం వచ్చింది. వరస మూయరు. ఎదురింటావిడతో ఝాన్సీ కిటికీలోంచి గంటసేపు పోట్లాడి ఆనందించింది. పిన్ని ఈ తోట తుంగతో నేసిన మొదటి చాప మాకే ఇచ్చింది. ఆ చాప మీద పడుకుంటే పచ్చి తుంగ వాసనేసింది. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

93వ రోజు

రక్షిత జీవులు నడుస్తాయి కాబట్టి కావలి పిట్ట ఇప్పుడు రోజూ వస్తోంది. పొద్దున నేను గడ్డం గీసుకుంటుంటే కిటికీ దగ్గర నిలబడి, "దేశవాళీ జీవి పై పొరకు హాని" అంది. ఏడో ఇంట్లో చంటిదానికి చెవులు కుట్టనివ్వలేదు. మేత పిట్ట గడప గడపకీ గంపెడు ఉండలు పోసి పోతోంది. మా ఆవిడ ఒకటి కొరికి చూసి, "మీ వంట కంటే నయం" అంది.

96వ రోజు

పిన్నిని తీసుకుని లాంచీ రేవుకి వెళ్ళాను. కొత్త చీర కట్టుకుంది. చీటీ కొంగున ముడేసుకుంది. ఇద్దరం ఎక్కి కూర్చున్నాం. ఇంజను స్టార్టయి ఆగిపోయింది.

కావలి పిట్ట రేవు మీద నిలబడి చెప్పింది: "రక్షిత జీవి తరలింపు జరుగుతోంది. పడవ నడవదు."

నేను దిగితే నడుస్తుందేమోనని దిగాను. నడవలేదు. ఇంజను మూత తెరిచాను. ముప్ఫై ఏళ్ళు ఈ ఇంజన్లతోనే బతికాను. గంటన్నర కిందా మీదా పడ్డాను. ఇంజనులో లోపం ఏమీ లేదు. పక్క వరసల ప్రయాణికులు విసుక్కోవడం మొదలుపెట్టాక పిన్ని తనే కర్ర వెతుక్కుని దిగింది. దిగిన వెంటనే లాంచీ కదిలిపోయింది.

రేవులోంచే లాస్య గారికి ఫోన్ చేశాను.

"నా తప్పేనండీ. ఆ గడి ఇంత దూరం తీసుకెళ్తుందనుకోలేదు. జాబితాలోంచి తియ్యాలంటే కమిటీ కూర్చోవాలి" అంది.

"ఎప్పుడు కూర్చుంటుందమ్మా?"

"ఇంకా మూడు నెలలుంది బాబాయ్ గారూ." మొదటిసారి అలా పిలిచింది.

ఈ పుస్తకం నిండా వెటకారం రాసుకుంటూ పోయాను. ఇవాళ చెయ్యి రావడం లేదు. కదిలించొద్దని నలభై ఒక్క మందిమీ వేడుకున్నాం. విన్నారు.

97వ రోజు

పొద్దున పిన్ని తనే మా ఇంటికొచ్చింది. రాత్రంతా ఆలోచించానంది.

"ఆ సోమారం పిట్ట కలుపుని గట్టు అవతల పారేసుద్దిగా?"

"అవును పిన్నీ."

"అయితే నన్ను కలుపులో రాయించు. అదే తీసుకుపోయి ఊళ్ళో పడేసుద్ది. దేశవాళీ వాళ్ళకేగా కదలకూడదని రూలు."

ఝాన్సీ చేతిలో గ్లాసు పక్కన పెట్టేసింది. నేను లాస్య గారికి ఫోన్ చేసి అడిగాను. కుదురుతుందంది. వరస పెద్ద సంతకంతో ఫలానా జీవి కలుపు అని రాసిస్తే జాబితా మారనక్కరలేదు, సోమవారం కలుపు పిట్టే లాంచీ ఎక్కిస్తుంది, అదీ ఆగదు. ఆసుపత్రి రేవులో తను స్వయంగా ఉండి దింపుకుంటానంది. కాని కలుపుగా తీసేసినదాన్ని మళ్ళీ గట్టు లోపలికి రానివ్వరు. ఆ నియమానికి మినహాయింపు లేదు.

పిన్నికి చెప్పాను. ఇక్కడే పుట్టింది, ఇక్కడే చాపలు నేసింది, ఈ తోట బతికింది ఆ వేళ్ళ వల్లే. నేను రాయనన్నాను. కోప్పడ్డాను కూడా.

"కళ్ళు పోయాక ఇక్కడున్నా ఎక్కడున్నా నాకు ఒకటేరా. కళ్ళుంటే ఏ మేడ మీదైనా కూర్చుని నాలుగు చాపలు నేసుకుంటా. తుంగ కోసి పంపుతా ఉండండి" అంది. నా చెయ్యి తడిమి పట్టుకుని, "రాయి నాయనా, సోమారం ఎల్లుండే" అంది.

ఫారం వచ్చింది. జీవి పేరు: పేరంటాలు. నంబరు: నలభై ఒకరిలో ముప్ఫై ఎనిమిది. రకం: కలుపు. తొలగించడానికి కారణం: చూపు. ఇవన్నీ రాయగలిగాను. ఆఖరి గడిలో, ఈ కలుపుకి దరఖాస్తుదారు ఏమవుతారని అడిగారు. చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. పిన్ని పక్కనే కూర్చుని, ఏం రాశావురా అని అడిగింది. కొడుకునని రాశాను పిన్నీ అన్నాను.